గట్టితనం వేరు, పట్టు వేరు

మా చిన్నతనంలో పాలమూరు జిల్లా పల్లెలలో కచ్చురం కట్టి ప్రయాణమయ్యే ముందు ఇంటి పెద్దలు మరవకుండా చేసే పని ఒకటుండేది. బండిలో వరిగడ్డి దట్టంగా పరచేవారు. గడ్డి మీద జంపఖానా, దాని మీద బొంత. ముసలివారినీ, చూలింతలనూ బండి మధ్యన కూర్చుండబెట్టి, కుర్రవాళ్లను చివరకు పంపేవారు. ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. ఇనుప పట్టా వేసిన కొయ్యచక్రం రాయి ఎక్కి దిగితే ఆ దెబ్బ ఇరుసు మీదుగా నేరుగా కూర్చున్నవారి వెన్నులోకి వచ్చేది. దానికి అడ్డుపడేది ఆ నాలుగు పనల గడ్డి మాత్రమే. బండి ఎంత చురుకుగా పోతుందన్నది తోలేవాని ప్రశ్న. ఎంత సుఖంగా పోతుందన్నది కూర్చున్నవారి ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే వాహనం సమాధానం చెప్పవలసి రావడమే ఈనాటి నా ప్రసంగానికి విషయం.

కచ్చురాల కాలం గడచిపోయింది. నల్లగొండలోనూ, మహబూబ్‌నగరులోనూ ఇప్పుడు ఉపాధ్యాయుని ఇంటి ముందు, చిన్న వర్తకుని దుకాణం ముందు కూడా ఒక చిన్న కారు కనబడుతున్నది. ఆ కారే ఉదయం పిల్లలను బడికి చేర్చాలి. యజమానిని పనికి తీసుకుపోవాలి. సెలవు దినాన ఇంటిల్లిపాదినీ యాదగిరిగుట్టకో, శ్రీశైలానికో చేర్చాలి. అర్ధరాత్రి ఆపద వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇన్ని పనులు చేసే వస్తువు మీద మమకారం కలగడం సహజం. మమకారం కలిగినప్పుడు దానిని మెరుగుపరచాలని అనిపించడమూ సహజమే. పెద్ద చక్రాలు వేయించడం, పొట్టి స్ప్రింగులు బిగించి బండిని నేలకు దించడం, ఇంజను శక్తి పెంచడం, ఇవన్నీ ఆ మమకారం నుంచి పుట్టినవే. నేను వాటిని ఆక్షేపించబోవడం లేదు. అయితే ఏ మార్పు దేనికి మేలు చేస్తుందో, ఎవరికి కీడు చేస్తుందో తెలుసుకొని చేయడం మంచిదని మాత్రం మనవి చేస్తాను. ఇది నేను పుస్తకాలు చూసి ఆరంభించిన ఆలోచన కాదు. ఒక తల్లి అన్న మాట వల్ల కలిగిన ఆలోచన.

నాకొక మిత్రుడున్నాడు. నల్లగొండలో అధ్యాపకుడు. ఆయన స్వగ్రామం మర్రిగూడ ప్రాంతంలోనిది. ఆ ప్రాంతపు నీటి సంగతి శ్రోతలలో చాలామందికి తెలిసినదే. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని నిర్ణయం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగిన ఊళ్లవి. ఎముకలలో చేరిన ఫ్లోరైడు వెన్నుపూసలను ఒకదానితో ఒకటి బిగించివేస్తుంది. మెడ తిరగదు. నడుము వంగదు. కృష్ణా జలాలు నల్లాలలోకి వచ్చిన తరువాత కొత్త తరానికి ఆ ముప్పు తగ్గింది గాని, పాత తరం వారి వెన్నులలో ఆ బిగుతు మిగిలే ఉన్నది. ఆరోగ్యవంతుని వెన్ను తానే ఒక స్ప్రింగు. పూసల నడుమనున్న మెత్తని బిళ్లలు అడుగడుగునా దెబ్బను పుచ్చుకొని తల వరకు పోనీయవు. నా మిత్రుని తల్లికి ఆ స్ప్రింగు ఎన్నడో పోయింది.

మిత్రుడు ముచ్చటపడి కారు కొన్నాడు. ఏడాది తిరగకుండానే దానికి పదిహేను అంగుళాల చక్రాలు తీయించి పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాడు. స్ప్రింగులు మార్పించి బండిని నాలుగు సెంటీమీటర్లు కిందికి దించాడు. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట వైపు నాలుగు వరుసల రహదారి మీద నన్ను కూర్చుండబెట్టుకొని తోలి చూపించాడు. మలుపులో బండి ఒరగలేదు. స్టీరింగు తిప్పిన మరుక్షణం చక్రం మాట విన్నది. నేను కూడా భేష్ అన్నాను.

తరువాతి నెలలో తల్లిని హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. ఊరి నుంచి మాల్ కూడలి దాకా లోపలి దారి. గుంతలు, మాసికలు వేసిన తారు, ఊరూరికీ రెండేసి స్పీడ్ బ్రేకర్లు. మాల్ చేరేసరికి ఆమె ముఖం పాలిపోయింది. కారు ఆపమన్నది. "బిడ్డా, గీ కారు నాతోని గాదు. నన్ను బస్సెక్కియ్యి" అన్నది. ఆమె అడిగినట్టే బస్సెక్కించి, మధ్య సీటులో కూర్చుండబెట్టి, ఖాళీ కారును తాను వెనుక తోలుకుంటూ వెళ్లాడు నా మిత్రుడు. రెండు ఇరుసుల నడుమ కూర్చున్నవారికి ఎత్తిపడవేత తక్కువ. కచ్చురంలో ముసలివారికి మధ్య చోటు ఇచ్చిన పెద్దలకు తెలిసిన సంగతే అది. ఆమెకూ తెలుసు.

ఆ సాయంత్రం ఆయన నాతో అన్నాడు: "వేలకు వేలు పోసి, మా అమ్మకు బస్సు కంటే కష్టమైన కారు తయారు చేసుకున్నాను. అయితే ఇక పాత మెత్తని బండితోనే సరిపెట్టుకోవాలా? సుఖం కావాలంటే సామర్థ్యం వదులుకోవలసిందేనా?"

ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉన్నదే. సుఖమూ, సామర్థ్యమూ ఒకే తక్కెడలోని రెండు సిబ్బెలనీ, ఒకటి లేస్తే ఒకటి దిగవలసిందేననీ మన నమ్మకం. ఇది సగం మాత్రమే నిజం. మిగిలిన సగం తెలియాలంటే సామర్థ్యమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

కారు ఎంత పెద్దదైనా అది భూమిని తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క చోటు ఇంచుమించు మన అరచేయంత. ఈ నాలుగు అరచేతుల రబ్బరే బండిని ముందుకు నెడుతుంది, పక్కకు తిప్పుతుంది, ఆపుతుంది. చక్రం నేలను వదలిన క్షణంలో ఎంత గొప్ప ఇంజనైనా, ఎంత గట్టి బ్రేకైనా నిష్ప్రయోజనం. కాబట్టి సామర్థ్యమంటే మొదట పట్టు. పట్టు అంటే చక్రం నేలను విడువకుండా ఉండడం. నున్నని పందెపు బాట మీద గట్టి స్ప్రింగులు పట్టును పెంచుతాయి. బండి అంతగా ఒరగదు గనుక టైర్లు నేల మీద సరిగా ఆని ఉంటాయి. కాని ఎగుడుదిగుడు దారి మీద లెక్క తారుమారవుతుంది. మట్టిదారులు అలలు తేలి ఉండడం మనం చూస్తుంటాము. అల నుంచి అలకు ఒక మీటరు దూరం ఉన్నదనుకుందాము. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పది మీటర్లు. అంటే చక్రానికి సెకనుకు పది దెబ్బలు తగులుతాయి. స్ప్రింగు అతిగా గట్టిదైతే చక్రం గుంతలోకి దిగడానికి వీలుండదు. గుంత మీదుగా ఎగిరిపోతుంది. ఎగిరినంత సేపూ పట్టు లేదు. కూర్చున్నవారికి తగిలే దెబ్బలు తరచు చక్రం నేలను సరిగా పట్టుకోలేకపోతున్నదనడానికి సాక్ష్యమే. తల్లి వెన్ను చెప్పినదీ, రోడ్డు మీద టైరు చెప్పేదీ ఒకటే మాట.

ఇక స్ప్రింగు సంగతి. కారు బరువుకు స్ప్రింగు ఎంత కుంగుతుందో దానిని బట్టి కారు ఊగే వేగం ఉంటుంది. 20 సెంటీమీటర్లు కుంగే మెత్తని స్ప్రింగు మీద కారు నిమిషానికి సుమారు 67 సార్లు ఊగుతుంది. స్ప్రింగును రెండింతలు గట్టి చేస్తే కుంగుదల 10 సెంటీమీటర్లకు తగ్గి, ఊపు నిమిషానికి 95కు పెరుగుతుంది. నిమిషానికి 60 నుంచి 90 వరకు ఉండే ఊపు మనిషికి హితవుగా ఉంటుందని వాహన నిర్మాతల అనుభవం. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే అదురు మాత్రం కూర్చున్న దేహానికి దుస్సహం. కడుపులోని అవయవాలు, వెన్ను ఆ లయకు తామూ ఊగడమే ఇందుకు కారణం.

స్ప్రింగు ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. పేరును బట్టి దెబ్బను మింగేది అదేనని అనుకుంటాము. నిజానికి దెబ్బను పుచ్చుకునేది స్ప్రింగు. పుచ్చుకున్నదానిని పదేపదే తిరిగి విసరకుండా అణచేది షాక్ అబ్జార్బరు. దాని లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ ఊపులోని శక్తిని వేడిగా మార్చివేస్తుంది. అది అరిగిపోతే బండి పడవలా తేలుతుంది, బ్రేకు వేసినప్పుడు చక్రం ఎగురుతుంది. బండి మెత్తబడిందని స్ప్రింగులు మార్పించేవారిలో కొందరికి నిజంగా కావలసింది కొత్త షాక్ అబ్జార్బర్లే.

బండిని దించడంలో మరొక చిక్కున్నది. స్ప్రింగు కుంగడానికి మిగిలిన చోటు తగ్గిపోతుంది. ఆ చోటు అయిపోయిన తరువాత రబ్బరు దిమ్మ ఒకటి అడ్డుంటుంది. దానికి తగిలిన క్షణాన స్ప్రింగు లేనట్టే, కచ్చురంలో గడ్డి లాగివేసినట్టే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 1988 నాటి ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి వీలుగా ఉండవలసి ఉండేది. మన పల్లెలలో జనం తమ పిల్లల ప్రాణభయంతో వేసుకున్నవి చాలాచోట్ల ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. వాటి ముందు నాలుగు సెంటీమీటర్లు పోగొట్టుకోవడం చిన్న నష్టం కాదు.

టైరు మీద ఉండే అంకెలను కూడా ఒకసారి చదువుదాము. 185/65 ఆర్ 15 అని ఉంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, అంటే 120 మిల్లీమీటర్లు. రిమ్ము పదిహేను అంగుళాలు. దాని స్థానంలో 205/45 ఆర్ 17 వేస్తే మొత్తం చక్రం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది గాని పక్కగోడ 92 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. అంటే రాతికీ రిమ్ముకూ నడుమనున్న గాలిమెత్త నుంచి ఒక అంగుళానికి పైగా కోసివేశామన్నమాట. పెద్ద రిమ్ము తరచు బరువుగా కూడా ఉంటుంది. చక్రం బరువెక్కిన కొద్దీ ఎగుడుదిగుళ్ల వెంట అది చురుకుగా కదలలేదు.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చినది కాదు. మారిస్ ఓలీ అనే ఇంజనీరు రోల్స్ రాయిస్ సంస్థ నుంచి అమెరికాకు వెళ్లి, 1930 తరువాతి ఏళ్లలో అక్కడి కాడిలాక్ కార్ల మీద పరిశోధన చేశాడు. ముందు స్ప్రింగులను మెత్తగా, వెనుకవాటి ఊపు కొంచెం వేగంగా ఉండేలా అమర్చితే కూర్చున్నవారికి సుఖమని ఆయన కనుగొన్నాడు. గతుకు ముందు చక్రాలకు మొదట తగులుతుంది, వెనుక చక్రాలకు తరువాత. వెనుకది కాస్త వేగంగా ఊగితే ముందుదానిని అందుకొని, బండి ముక్కు ఎత్తి తోక దించే ఆట మానుతుంది. ముందు స్ప్రింగులను మాత్రమే గట్టి చేసేవారు ఈ పొందికను చెడగొట్టినవారవుతారు. ఆ ఎత్తిపడవేత ఎక్కువగా అనుభవించేది వెనుక సీటువారే.

ఇక ఫ్రాన్సు దేశంలో పియేర్ బూలాంజే ఆధ్వర్యంలో తయారై 1948లో పారిస్ ప్రదర్శనలో కనబడిన సిట్రోయెన్ 2సీవీ కారు కథ ప్రసిద్ధమైనది. బుట్టెడు కోడిగుడ్లతో దున్నిన చేను దాటాలి, ఒక్క గుడ్డూ పగలరాదు అన్నది దాని నిర్మాతలకు పెట్టిన నియమం. చూపుకు తమాషాగా ఉండే ఆ చిన్న కారు మలుపులలో ఎంతో ఒరిగేది. అయినా చక్రాలు మాత్రం నేలను వదిలేవి కావు. మెత్తదనం పట్టుకు శత్రువు కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన దేశంలో 1950ల చివర మొదలై 2014 వరకు తయారైన అంబాసిడరును కూడా ఈ సందర్భంలో తలచుకోవాలి. ముందు టార్షన్ బార్లు, వెనుక కమాను పట్టీలు, ఎత్తయిన పక్కగోడల టైర్లు. వేగంలో అది ఎవరినీ మెప్పించలేదు. కాని గతుకుల దారిలో వెనుక సీటున కూర్చున్న పెద్దలు దానిని ఈనాటికీ మరవలేదు.

ఇంత చెప్పి మెత్తని బండే మంచిదని తీర్మానిస్తే అది మరొక పొరపాటు. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు నల్లమల మలుపులలో అతి మెత్తని బండి అటూ ఇటూ ఒరుగుతుంది. పిల్లలకు వాంతులవుతాయి. ఎదురుగా వాహనం వచ్చి హఠాత్తుగా తప్పించవలసి వస్తే బండి అదుపు తప్పనూ వచ్చు. ఐదుగురు మనుషులూ, సామానూ ఎక్కినప్పుడు మెత్తని స్ప్రింగు పూర్తిగా కుంగిపోతుంది. కాబట్టి వెతకవలసింది గట్టితనాన్నీ కాదు, మెత్తదనాన్నీ కాదు. మనం రోజూ తిరిగే దారి మీద చక్రం నేలను పట్టుకొని ఉండే పొందికను.

మళ్లీ నా మిత్రుని కారు దగ్గరకు వస్తాను. మేమిద్దరం నల్లగొండలో ఒక వృద్ధ మెకానిక్ వద్దకు వెళ్లాము. ఆయన కారును జాకీ మీద లేపి, టార్చిలైటు వేసి, మమ్మల్ని వంగి చూడమన్నాడు. రబ్బరు దిమ్మలు నలిగి చీలిపోయి ఉన్నాయి. ఒక రిమ్ము అంచు వంగి ఉన్నది. వెనుక టైరు లోపలి పక్కగోడ మీద నిమ్మకాయంత బుడిపె లేచి ఉన్నది. "లోపలి దారాలు తెగినయి సారూ. గిది హైవే మీద పేలేది" అన్నాడు. మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తల్లి ఆ రోజు కారు దిగింది తన నొప్పి వల్లనే. ఆ నొప్పికి కారణమైన గుంతలే ఈ టైరునూ చీల్చాయి. ఆమె మాట వినకపోయి ఉంటే ఈ టైరును ఎవరూ చూసేవారు కాదు.

అప్పుడు చేయించిన పనుల వరుసను శ్రోతల ఉపయోగార్థం చెబుతాను. మొదట కంపెనీ నిర్ణయించిన కొలత చక్రాలు మళ్లీ వచ్చాయి. టైర్లు మాత్రం మేలురకానివి, తడిలో పట్టు బాగున్నవి ఎంచుకున్నాము. రెండవది గాలి. డ్రైవరు తలుపు అంచున అతికించిన పట్టికలో ఉన్న కొలత ప్రకారం, తెల్లవారగానే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. పది డిగ్రీల వేడి పెరిగితే టైరులో సుమారు ఒకటి, ఒకటిన్నర పౌన్ల ఒత్తిడి పెరుగుతుంది. ఎండలో నడచి వచ్చిన టైరును కొలిచి గాలి తీసివేసేవారు మర్నాటి ఉదయానికి తక్కువ గాలితో బయలుదేరుతారు. గాలి తక్కువైన టైరు వేడెక్కి పేలుతుంది. మూడవది పాత స్ప్రింగులు తిరిగి బిగించి, వాటికి సరిపడిన కొత్త షాక్ అబ్జార్బర్లు నాలుగూ వేయడం. నాలుగవది బ్రేకులు. మంచి ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిలు. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్లకొకసారి మార్చడం ఆచారం. వేగం రెట్టింపైతే బ్రేకు వేసిన తరువాత ఆగే దూరం నాలుగింతలవుతుంది. వేగం పెంచే ఖర్చు కంటే ఆపే ఖర్చు ముందుండాలన్నది ఇందుకే. చివరిది చక్రాల అలైన్‌మెంటు. ఇంజను జోలికి మేము పోలేదు.

చట్టం సంగతి కూడా చెప్పకుండా విడువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్ణయించిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ మాటనే స్థిరపరచింది. అదే సంవత్సరం చేసిన సవరణలో, నిషిద్ధమైన మార్పు ఒక్కొక్కదానికి అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించే వీలు కల్పించారు. కాబట్టి ఏ పెద్ద మార్పు తలపెట్టినా ముందు రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ విచారించుకోవడం వివేకం.

మార్పులు పూర్తయిన తరువాత మిత్రుడు నన్ను మళ్లీ ఆ రహదారి మీద తిప్పాడు. మలుపులో బండి కొంచెం ఒరిగింది. దాచవలసిన పని లేదు. కాని లోపలి దారిలోకి దిగగానే తేడా తెలిసింది. ఇదివరకు ఎగిరి పక్కకు జరిగే చోట చక్రం గుంతలోకి దిగి, లేచి, తన బాటన తాను పోయింది. స్టీరింగు చేతిలో అదరలేదు. అదే దారిని మునుపటి కంటె నిబ్బరంగా, ఇంచుమించు అదే వేగంతో దాటాము. బండి తన సామర్థ్యాన్ని పోగొట్టుకోలేదు. దాని చోటు మార్చుకున్నది.

మరమ్మత్తు చేయించదలచిన ప్రతి యజమానికీ నా సలహా ఒకటే. కొత్త భాగాలు బిగించిన తరువాత తాళం చెవి మరొకరికి ఇచ్చి, మీరు వెనుక సీటులో కూర్చొని మీ ఊరి దారిలో పది కిలోమీటర్లు ప్రయాణం చేసి చూడండి. స్టీరింగు పట్టుకున్నవానికి గతుకు ముందే కనబడుతుంది, ఒళ్లు సర్దుకుంటుంది. వెనుక కూర్చున్నవారికి ఆ సౌకర్యం లేదు. మీ కారు మంచిచెడ్డలు చెప్పవలసిన పరీక్షాధికారి అక్కడ కూర్చున్నాడు.

ఆ నెలలోనే మిత్రుడు తల్లిని మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయాడు. కారెక్కడానికి ఆమె మొదట ఒప్పుకోలేదట. మాల్ దాకా వచ్చి చూడు, కష్టమైతే అక్కడ బస్సెక్కిస్తానని బతిమాలి కూర్చుండబెట్టాడు. వెనుక సీటులో ఒక దిండు పెట్టాడు, వెనుకటి వారు గడ్డి పరచినట్టు. ఇబ్రహీంపట్నం చేరి, కూడలిలో బండి ఆగినప్పుడు ఆమె కళ్లు తెరచి, కిటికీలోంచి చూసి అడిగిందట:

"మాల్ వచ్చిందా బిడ్డా?"